ఆ గదిలో ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు?

అక్టోబరు 10 దగ్గర పడిందంటే నాలాంటి కౌన్సెలర్లకు గిరాకీ. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం కదా, కాలేజీల నుంచి, క్లబ్బుల నుంచి, మహిళా సంఘాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడం, ఒక గంట వచ్చి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి." వెళ్తాను, చెబుతాను, శాలువా కప్పించుకుని, కుండీలో మొక్క పట్టుకుని ఇంటికొస్తాను. ఈమధ్య ఆ ఫోన్ల తీరు మారింది. పిల్లలకు కాదట, కౌన్సెలర్లకు చెప్పాలట. "మా స్టాఫ్‌కు ట్రైనింగ్ ఇప్పించాలండీ. సర్టిఫికెట్ మాత్రం తప్పనిసరి. ఒక్క రోజులో అయిపోతే మరీ మంచిది."

ఈ తొందరంతా విశాఖపట్నం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు వల్ల వచ్చింది. నీట్ కోచింగ్ కోసం బెంగాల్ నుంచి వచ్చి, ఇక్కడ హాస్టల్లో ఉంటూ ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. సరైన చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయి. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ జరగాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కోర్టు ఇంతకంటే తక్కువ చెప్పి ఉంటే తప్పయ్యేది.

తీర్పును మెచ్చుకుంటూనే చదివాను. కానీ చదువుతున్నంతసేపూ ఒక సందేహం వదల్లేదు. కౌన్సెలర్‌ను పెట్టమన్నారు, సరే. గది ఇస్తారు, బోర్డు తగిలిస్తారు. తలుపు వేసుకున్నాక ఆ కౌన్సెలర్ ఏం అడిగారు, ఏం విన్నారు, దేన్ని విననట్టు దాటేశారు అన్నది ఎవరు చూస్తారు? ప్రిన్సిపాల్ చూడకూడదు. తల్లిదండ్రులు చూడలేరు. పిల్లలు చెప్పరు. కౌన్సెలర్ తనంతట తాను పసిగట్టలేరు, ఎందుకో ముందుముందు చెబుతాను.

ఈ వృత్తిలో ఎదగడమంటే సర్టిఫికెట్లు పోగేసుకోవడమేనని అందరం నమ్మేశాం. నేను నమ్మడం మానేశాను. చేసిన పనిని, ఆ పని తెలిసినవాళ్ల ముందు పెట్టి, క్రమం తప్పకుండా మళ్లీ చూసుకోవడం ఒకటుంది. దాన్ని మా వాళ్లు సూపర్‌విజన్ అంటారు. అది లేనిచోట ఎన్ని శిబిరాలు పెట్టినా బ్యానర్ ఖర్చు దండగ అన్నదే నా వాదన.

"ఆ తర్వాత?"

కోస్తాలోని ఒక పట్టణంలో అలాంటి శిబిరానికి వెళ్లాను, మాట్లాడేవాళ్లలో ఒకదాన్నిగా. పదింటికన్నది ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర అయింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, బొకేలు. నాకంటే ముందు మాట్లాడినాయన స్లైడ్ల నిండా ఇంగ్లీషే. డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాలు, యాంగ్జయిటీకి ఆరు, పక్కనే తల పట్టుకుని కూర్చున్న తెల్లవాడి బొమ్మ. హాల్లో సగం మంది కౌన్సెలర్లు, మిగతా సగం లెక్చరర్లు, వార్డెన్లు, ఫ్లోర్ ఇన్‌ఛార్జీలు. భోజనాలకు ముందు ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నారు. వెనక వరసలోంచి ఒక వార్డెన్ లేచారు. యాభై దాటి ఉంటాయి, తాళంచెవుల గుత్తి బరువుకు చొక్కా జేబు కిందికి జారిపోయి ఉంది.

"రాత్రి స్టడీ అవర్ అయ్యాక రౌండుకు వెళ్తానండీ. ఒక పిల్లవాడు మంచం మీద కూర్చుని ఏడుస్తుంటాడు. నేనేం చేయాలి?"

"ఎంపతీతో వినాలి" అన్నారు వేదిక మీది పెద్దాయన.

"అడిగానండీ. ఏమీ లేదు సార్ అన్నాడు. ఆ తర్వాత?"

హాల్లో నవ్వులు. "మంచి ప్రశ్న, భోజనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు నిర్వాహకులు. భోజనం తర్వాత గ్రూపు ఫోటో, సర్టిఫికెట్ల పంపిణీ. ఆ వార్డెన్ కూడా సర్టిఫికెట్ తీసుకుని, దాన్ని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కారు.

బస్టాండు దాకా ఆయనతో మాట్లాడుకుంటూ నడిచాను. ఆయన అడిగినవేవీ స్లైడ్లలో దొరికేవి కావు. ఆ పిల్లవాణ్ని ఒంటరిగా వదిలి పక్క ఫ్లోర్‌కు వెళ్లవచ్చా? పక్క మంచం కుర్రాణ్ని తోడుగా కూర్చోబెడితే రేపు క్లాసంతా చెప్పుకోరా? రాత్రి పన్నెండుకు ప్రిన్సిపాల్‌ను లేపితే తిట్లు ఎవరు తింటారు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు, బాగుంది. పిల్లల ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి, ఆ బీరువా తాళం ఏఓ (పరిపాలనాధికారి) గారు ఇంటికి తీసుకెళ్తారు. మరి ఏ ఫోనుతో చేయాలి?

మానసిక ప్రథమ చికిత్స గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వేసిన పుస్తకం సారాంశం మూడు పనులు: చూడడం, వినడం, సాయం దొరికేచోటికి చేర్చడం. మన శిబిరాలు మొదటి రెండింటి దగ్గరే చప్పట్లు కొట్టించుకుంటాయి. మూడోది ప్రతి హాస్టల్లో ఒక్కో రకంగా ఉంటుంది, కనుక స్లైడు మీద పట్టదు. అక్కడున్న మనిషితో కూర్చుని, అక్కడి తాళాల సంగతి, అక్కడి ఫోన్ల సంగతి తేల్చుకోవాలి. వారం తర్వాత మళ్లీ అడగాలి, "మొన్న అలా చేశారు కదా, ఏమైంది?" అని. అలా మళ్లీ అడిగే మనిషి ఆ వార్డెన్‌కు లేరు. నిజానికి ఆ కాలేజీ కౌన్సెలర్‌కు కూడా లేరు.

అనుభవం అన్నీ నేర్పుతుందా

"పదేళ్ల అనుభవం ఉందండీ, మాకెందుకు సూపర్‌విజన్" అనే సీనియర్లు చాలామంది తెలుసు. నిజాయితీగానే అంటారు. పని చేస్తూ పోతే చెయ్యి తిరుగుతుందని మనందరి నమ్మకం. దర్జీకి తిరుగుతుంది, ఎందుకంటే జాకెట్టు చంక దగ్గర పట్టేస్తే మర్నాడే దాన్ని తెచ్చి అతని ముందు పడేస్తాం. మా దగ్గర అలా కాదు. మా మాట సరిపడని మనిషి తిరిగి రారు. రాని మనిషిని బాగుపడ్డ ఖాతాలో వేసుకుంటాం.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో మైకేల్ లాంబర్ట్ బృందం 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. 40 మంది థెరపిస్టులను అడిగారు: మీ దగ్గరకు వచ్చేవాళ్లలో చివరికి ఎవరి పరిస్థితి వచ్చినప్పటికంటే దిగజారుతుందని మీ అంచనా? మొత్తం 550 మంది క్లయింట్లలో థెరపిస్టులు వేలెత్తి చూపినది ముగ్గురిని. నిజంగా దిగజారినవాళ్లు 40 మంది. థెరపిస్టులు చెప్పిన ముగ్గురిలో ఆ జాబితాలో ఉన్నది ఒక్కరే. 2016లో మరో అధ్యయనం వచ్చింది, 170 మంది థెరపిస్టులు, వాళ్ల దగ్గరకు వచ్చిన 6,500 మందికి పైగా క్లయింట్ల లెక్కలతో. ఏళ్లు గడిచేకొద్దీ ఫలితాలు మెరుగవుతాయేమో అని చూస్తే, సగటున అతి స్వల్పంగా తగ్గాయి. కొందరు మెరుగయ్యారు, నిజమే. కానీ కేవలం కాలం గడిచినందువల్ల ఎవరూ గొప్పవాళ్లు కాలేదు.

అవి అమెరికా లెక్కలు, మనకు వర్తిస్తాయా అని అనుమానించవచ్చు. నేనూ అనుమానించాను. మన దగ్గర అసలు లెక్కే లేదు కనుక మనం ఇంకా మెరుగ్గా ఉన్నామనుకోవడానికి ఆధారం కూడా లేదు. జూనియర్ కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు ఒకసారి వచ్చిన పిల్లవాడు రెండోసారి ఎందుకు రాలేదో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

చట్టం సంగతి

ఇది తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ చెప్పుకోదగ్గది తక్కువ. క్లినికల్ సైకాలజిస్టులను రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు చేస్తుంది, రెన్యువల్‌కు నిరంతర విద్య పాయింట్లు అడుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, మెంటల్ హెల్త్ నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉన్నారు. మామూలు కౌన్సెలర్ అన్న మాట ఆ జాబితాలో కనిపించదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను తన పరిధిలోకి తెచ్చింది. దాని కొనసాగింపుగానే 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో సైకాలజీ కోర్సులు ఆపేయమని యూజీసీ చెప్పింది. నాతో పనిచేసేవాళ్లలో చాలామంది దూరవిద్యలో ఎం.ఏ. చేసినవాళ్లే. వాళ్లలో అద్భుతంగా పనిచేసేవాళ్లున్నారు, రెగ్యులర్‌గా చదివి కూడా పిల్లవాడి మాట పూర్తికాకుండానే సలహా అందుకునేవాళ్లున్నారు. కొత్తగా వచ్చేవాళ్ల సంగతి యూజీసీ చూసుకుంటుంది. ఇప్పటికే గదుల్లో కూర్చున్న మా సంగతి?

బయట మాత్రం బజారు కళకళలాడుతోంది. వారాంతంలో సర్టిఫైడ్ కౌన్సెలర్‌ను చేస్తామనే ప్రకటన నా ఫోనుకు రాని నెల లేదు. కోర్టు తీర్పు తర్వాత ఆ ప్రకటనల్లో "సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రకారం" అన్న మాట కూడా చేరింది. పోస్టులు ఒక్కసారిగా పుట్టుకొస్తే జరిగేది ఇదే.

బ్రిటన్‌లో బీఏసీపీ అనే కౌన్సెలర్ల సంఘం ఉంది. దాని అక్రెడిటేషన్ ఉన్నవాళ్లు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తీసుకోవాలి. కొత్తవాళ్లకే కాదు, ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకూ అంతే. మన దగ్గర ఈ మాట చెబితే "అది ధనిక దేశం" అంటారు. అందుకే గోవా సంగతి చెప్పాలి.

గోవాలో ఏం చేశారు

సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్, అక్కడి సంగాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలుగా డాక్టరు చేసే వైద్యం, మిగతా సగం మందికి దానితో పాటు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల కౌన్సెలింగ్. ఆ కౌన్సెలింగ్ ఇచ్చినవాళ్లు సైకాలజిస్టులు కారు. మానసిక ఆరోగ్యంలో ముందు ఏ చదువూ, ఏ అనుభవమూ లేని మామూలు స్థానికులు. మూడు నెలలకు చూస్తే, కౌన్సెలింగ్ అందినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. అందనివాళ్లలో 39 శాతం. లాన్సెట్ పత్రికలో వచ్చింది ఇది.

ఈ ఫలితాన్ని మన సభల్లో తరచూ చెబుతారు, "చూశారా, ఎవరైనా కౌన్సెలర్ కావచ్చు" అని. సగం కథ చెప్పి మిగతా సగం మింగేస్తారు. ఆ మామూలు మనుషులకు మూడు వారాల తరగతి శిక్షణ తర్వాత నెలల తరబడి ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. పని మొదలెట్టాక వారం వారం కూర్చోబెట్టారు. సిట్టింగు ఆడియో రికార్డు చేసేవారు, రోగి అనుమతితో. ఆ రికార్డు అందరూ కలిసి వినేవారు. ఒక స్కేలు పట్టుకుని మార్కులు వేసేవారు: అడగవలసినది అడిగారా, పోయిన వారం ఒప్పుకున్న పని గుర్తు చేశారా, వచ్చిన మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడ్డారా. మొదట్లో నిపుణులు పక్కనుండి నడిపించారు, తర్వాత కౌన్సెలర్లే ఒకరి పని ఒకరు విని మార్కులు వేసుకున్నారు. ఆ మార్కులు నిపుణులు వేసిన మార్కులకు దగ్గరగానే వచ్చాయి.

నన్ను కట్టిపడేసింది ఈ చివరి ముక్కే. సూపర్‌విజన్‌కు పెద్ద ప్రొఫెసర్ దొరకాలి, ఆయనకు గంటకు వేలు ఇవ్వాలి, మన జిల్లాలో అలాంటివాళ్లు లేరు అన్న సాకు దీనితో సగం కూలిపోతుంది. పనిని బయటపెట్టే ధైర్యం, కొలవడానికి ఒక కొలత, క్రమం తప్పకుండా కలిసే అలవాటు ఉంటే తోటివాళ్లే ఒకరినొకరు నిలబెట్టగలరు. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లు ఇచ్చి మానసిక సమస్యలను గుర్తించే పని చేయించారు. అక్కడ కూడా ఆశాలకు ఒకసారి చెప్పి వదిలేయలేదు. వాళ్లు పంపిన మనిషి డాక్టరు దాకా చేరాడా లేదా అని వెంటపడే ఏర్పాటు ఉంది.

ఆదివారం మేం చేసే పని

మేం అరడజను మందిమి. అందరం కాలేజీల్లోనో, చిన్న క్లినిక్‌లలోనో పనిచేసేవాళ్లమే. ఆదివారం ఉదయం వీడియోలో కలుస్తాం. ఒకరు ఒక కేసు చెబుతారు, పేరూ ఊరూ లేకుండా. సలహాలు ఇవ్వకూడదన్నది మా మొదటి నియమం. మొదట్లో అందరూ ఉల్లంఘించినది కూడా దాన్నే.

ఒక ఆదివారం కేసు పక్కనపెట్టి ఒక చిన్న సాధన చేశాం. ఎదుటి మనిషికి చనిపోవాలనే ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే ఎలా అడుగుతారు? చెప్పవద్దు, నేను ఆ పిల్లవాణ్ని అనుకుని అడగండి. ఒకరు "పిచ్చి ఆలోచనలేమీ రావడం లేదు కదా నాన్నా?" అన్నారు. ఇంకొకరు "ధైర్యంగానే ఉన్నావు కదా?" అన్నారు. మరొకరు "అమ్మానాన్నల్ని ఒకసారి గుర్తు చేసుకో" అని ప్రశ్నను ఎగరగొట్టి నేరుగా ఉపదేశంలోకి దిగారు. అందరూ అర్హతలున్నవాళ్లే. "నేరుగా అడగాలి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు" అని పరీక్షలో రాసి పాసైనవాళ్లే. "రావడం లేదు కదా" అని అడిగితే పిల్లవాడికి "లేదు మేడం" అనడం తప్ప దారేముంది? మనకు ఏ జవాబు కావాలో ముందే చెప్పేశాం.

ఆ తర్వాత వంతులవారీగా "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఒకరినొకరం అడుగుతూ కూర్చున్నాం. ఒకావిడ వంటింట్లోంచి మాట్లాడుతున్నారు. వాళ్ల అత్తగారు కంగారుగా వచ్చి "ఎవరే, ఏమైంది?" అని స్క్రీన్‌లోకి తొంగిచూశారు. నవ్వుకున్నాం. నవ్వు తగ్గాక మళ్లీ మొదలెట్టాం. గొంతు వణకకుండా, హడావిడి పడకుండా, చివర "కదా" తగిలించకుండా, అడిగి ఆగి జవాబు కోసం చూడడం అందరికీ వచ్చేసరికి పూట గడిచింది. రెండు రోజుల శిబిరంలో ఈ ముక్కకు కేటాయించేది ఒక స్లైడు.

శిక్షణ వద్దని నేననడం లేదు. శిక్షణలో తెలుసుకున్నది నోట్లోంచి ఎలా బయటికి వస్తుందో వినే మనిషి కావాలంటున్నాను.

నాకున్న అనుమానాలు

మొదటిది గోప్యత. పిల్లవాడు నమ్మి చెప్పినదాన్ని మరో ఐదుగురి ముందు పెట్టడం ఏం న్యాయం? ఇది తేలిగ్గా కొట్టేయగల ప్రశ్న కాదు. పేరు తీసేస్తే చాలదు. మా గుంపులో ఒకరు కేసు చెబుతూ తండ్రి చేసే వ్యాపారం గురించి ఒక్క మాట అన్నారు, ఇంకొకరు వెంటనే ఆ కుటుంబాన్ని గుర్తుపట్టేశారు. మన పట్టణాలు అంత చిన్నవి. అప్పటినుంచి కుటుంబ వివరాలు మార్చి చెబుతున్నాం, ఒకే ఊరివాళ్లు ఒకే గుంపులో లేకుండా జిల్లాలు కలిపాం. ముందుగానే పిల్లలకు కూడా చెబుతాం, "నీ పేరు చెప్పకుండా నా పనిని మరికొందరితో చూపించుకుంటాను, నీకు అభ్యంతరమా?" అని. ఒక ఇంటర్ అమ్మాయి దానికి చిత్రమైన జవాబిచ్చింది: "మా కాలేజీలో కానివాళ్లయితే పర్లేదు మేడం, ఒకరికంటే ఎక్కువమంది ఆలోచిస్తే మంచిదే కదా." ఆడియో రికార్డు దాకా మాత్రం మేం ఇంకా వెళ్లలేదు. హాజరు నుంచి వారాంతపు మార్కుల దాకా అన్నీ నాన్న ఫోనుకు మెసేజీగా వెళ్లే చోట చదువుతున్న పిల్లల ముందు రికార్డర్ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

రెండోది అంతకంటే పెద్దది. అసలు ఈ కౌన్సెలర్ పదవే ఒక ముసుగేమో? ఉదయం అయిదింటికి లేపి రాత్రి పదకొండింటిదాకా రుబ్బే ఏర్పాటును అలాగే ఉంచి, దాని వల్ల విరిగిన పిల్లల్ని అతికించి మళ్లీ అదే క్లాసుకు పంపే ఉద్యోగమేమో? కౌన్సెలర్ ఎంత బాగా పనిచేస్తే ఆ ఏర్పాటు అంత బాగా నడుస్తుందేమో? ఈ ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వని రాత్రులున్నాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత పోయిన ఇరవై మందికి పైగా పిల్లల్లో ఎందరిని కౌన్సెలర్ ఆపగలిగేవారు? తప్పుడు మార్కుల మెమోకు మందు కౌన్సెలింగ్ కాదు.

ఒక కాలేజీలో పనిచేసే మా స్నేహితురాలికి యాజమాన్యం ఒక రిజిస్టరు ఇచ్చింది. గడులు గీసి ఉన్నాయి: పేరు, గ్రూపు, సెక్షను, సమస్య, పరిష్కారం, సంతకం. బైపీసీ అమ్మాయి ఒకతె వారాంతపు పరీక్షలో వెనకబడిందని సెక్షను మార్చారు. పాత స్నేహితులు లేరు, గది మారింది, అన్నం మానేసింది. మా స్నేహితురాలు పరిష్కారం అన్న గడిలో "పాత సెక్షనుకు పంపాలి" అని రాశారు. మర్నాడు ఏఓ పిలిచి, "మేడం, అది అకడమిక్ విషయం, మీ పరిధి కాదు. ప్రాణాయామం లాంటివి రాయండి" అన్నారు. మార్కులను బట్టి విడగొట్టవద్దని సాక్షాత్తూ సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత మాట ఇది.

ఆ కేసు ఆదివారం మా ముందుకొచ్చింది. విన్న మరో ఇద్దరు "మా దగ్గర కూడా ఇలాంటివే, సోమవారాలు ఎక్కువగా వస్తారు" అన్నారు. ఎందుకు సోమవారాలు? సెక్షను మార్పుల జాబితా నోటీసు బోర్డులో పెట్టేది అప్పుడే. ఎవరి గదిలో వాళ్లం కూర్చున్నంత కాలం ఒక్కొక్కరికీ ఒక బలహీనమైన పిల్ల కనిపించింది. కలిపి చూస్తే నోటీసు బోర్డు కనిపించింది. సూపర్‌విజన్ గురించి మాట్లాడేవాళ్లు దాన్ని ఎప్పుడూ కౌన్సెలర్ నైపుణ్యం పెంచే పనిగానే చెబుతారు. నా అనుభవంలో దాని అసలు బలం ఇక్కడుంది. ఒంటరి కౌన్సెలర్ పిల్లవాణ్ని సర్దడానికి చూస్తారు. నలుగురు కలిస్తే, సర్దుకోవలసింది పిల్లవాడేనా అన్న ప్రశ్న పుడుతుంది. మా స్నేహితురాలు ఇప్పుడు ఆ గడిలో ఏదీ రాయడం లేదు. సెక్షను మార్పుల తేదీలు, తర్వాతి రెండు రోజుల్లో వచ్చిన పిల్లల సంఖ్య, ఈ రెండే ఒక కాగితం మీద రాసి, పక్కన తీర్పులోని సంబంధిత పేరా జతచేసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చారు. జాబితాను బోర్డు మీద పెట్టడం ఆపారు. సెక్షన్లు మార్చడం ఆపలేదు. దీన్ని గెలుపనాలో లేదో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

కనుక ముసుగు అన్న అనుమానం పూర్తిగా తీరిపోయిందని చెప్పను. కౌన్సెలర్ జీతం ఇచ్చేది యాజమాన్యం, తప్పు పట్టవలసి వచ్చేది కూడా చాలాసార్లు యాజమాన్యాన్నే. సూపర్‌విజన్ కూడా ఆ యాజమాన్యం చేతికే ఇస్తే అది తనిఖీ అవుతుంది, రిజిస్టరుకు ఇంకో రెండు గడులు చేరతాయి. అది బయటివాళ్ల దగ్గర ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

ఖర్చు విషయానికొస్తే, మేం నెలకోసారి ఒక సీనియర్ సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను పిలిచి మా చర్చ వినిపించుకుంటాం. ఆవిడ ఫీజు తలా కొంత వేసుకుంటాం. చిన్న కాలేజీ కౌన్సెలర్ జీతానికి అది బరువే. ఒక యాజమాన్యం వారానికి రెండు గంటలు డ్యూటీగా లెక్కేస్తామంది. ఇంకోచోట "ఆదివారం మీరేం చేసుకున్నా మీ ఇష్టం, కాలేజీ టైములో మాత్రం కుదరదు" అన్నారు.

రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులను నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. కాలేజీ తనిఖీకి వచ్చేవాళ్లు కౌన్సెలర్ ఉన్నారా అని అడిగి, గదికి ఫోటో తీసుకుని వెళ్లిపోకుండా మరొక్క ప్రశ్న అడగాలి: ఈ కౌన్సెలర్ తన పనిని ఎవరికి చూపించుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? కాలేజీలు అబద్ధం చెబుతాయని నా మిత్రులు నవ్వారు. చెప్పనివ్వండి. అబద్ధం చెప్పాలన్నా కాలేజీ బయట ఒక మనిషి పేరు, ఫోను నంబరు రాయాలి కదా. ఆ నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.